ఆరో మనిషి

జనవరి 21

లోయిస్,

ఎలా ఉన్నావని అడగను, నేను క్షేమమని రాయను. మీ అన్న నలుగురిలో నా పరువు తీశాడు. ఫోన్ చేద్దామని రిసీవర్ ఎత్తి మళ్ళీ పెట్టేశాను. మాదీ ఇంకో నాలుగిళ్ళదీ కలిపి ఒకే ఫోను లైను. నేను హలో అనేలోపే నాలుగిళ్ళలో చెవులు నిక్కబొడుచుకుంటాయి. అందుకే కాగితం పట్టుకున్నాను.

సోమవారం రాత్రి చర్చి కింది హాల్లో మన పార్టీవాళ్ళ సమావేశం జరిగింది. ఈ ఊళ్ళో గవర్నర్ ట్రాస్క్ కోసం ఏడాదిగా గడప గడపకీ తిరిగింది నేనొక్కదాన్నే అని నీకు తెలుసు. ఎందుకు తిరిగానో కూడా తెలుసు. ఆయన మా పశువుల కొట్టంలో బోర్లించిన బకెట్ మీద కూర్చుని, పాల ధర ఎంతకు పడిపోయిందో అడిగి, నేను చెప్పింది రాసుకున్నాడు. తర్వాత రేడియోలో నా పేరుతో సహా చెప్పాడు. నా మాట రాసుకున్న మగవాణ్ణి అరవై ఏళ్ళలో ఒక్కణ్ణే చూశాను. దేశాధ్యక్ష పదవికి మన పార్టీ తరఫున ఆయనే నిలబడాలని నాకు అంత పట్టుదల అందుకే.

నలభై మంది వచ్చారు. ఎవరు ఎవరి పక్షమో ఆ మూలలో నిలబడితే తలలు లెక్కపెడతారు. సెనేటర్ విటేకర్ మూల కిటకిటలాడుతోంది. మా గవర్నర్ మూలలో నేనూ మీ అన్న మెల్వినూ కలిపి ఆరుగురం ఉన్నాం. ఆరుగురుంటే మూల నిలుస్తుంది, ఒక్కరు తగ్గినా చెల్లదు, చెదిరిపోయి ఇంకొకరి మూలకు చేరాలి. ఆరుగురం ఉన్నాం కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. లెక్క మొదలవబోతుండగా మీ అన్న కాఫీ కప్పు పట్టుకుని బయల్దేరాడు.

"ఏమయ్యా, ఎటు?" అన్నాను.

"ఇదిగో, ఇటు," అన్నాడు.

అంతే! నేరుగా సెనేటర్ మూలకు వెళ్ళి ఫిలిస్ పక్కన నిలబడ్డాడు. ఫిలిస్ గుర్తుందిగా, భర్త పోయాక మందుల షాపు పైన గదుల్లో ఉంటోందే, ఆవిడ. మా మూల చెల్లదన్నారు. "రా ఆర్డిస్, మెల్విన్ నీకిక్కడ చోటు పట్టి ఉంచాడు!" అని ఎవరో అరిచారు. హాలంతా ఒకటే నవ్వు. ఫిలిస్ కూడా నవ్వింది, నేను చూశాను.

నేను వెళ్ళలేదు. కాఫీ కాచే పెద్ద పాత్ర నాది. ప్లగ్గు పీకి, మరిగే కాఫీతో సహా కారులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. మీ అన్న మంచులో నడుచుకుంటూ వచ్చాడు. ఎందుకిలా చేశావని నిలదీస్తే, "మోకాలు నొప్పి పుట్టింది. అక్కడ కుర్చీలున్నాయి," అన్నాడు. కుర్చీ కోసం పెళ్ళాన్ని అమ్ముకున్న మగాడు మన రాష్ట్రంలో వీడొక్కడే అయ్యుంటాడు.

దీన్ని నేను మరిచిపోను. మీ అన్నని మరిచిపోను, ఆ సెనేటర్‌నీ మరిచిపోను. మా ముసలి ఆవుకైనా ఇంతకంటే విశ్వాసం ఉంటుంది. ఈ బాధ చెప్పుకోవడానికి నువ్వు తప్ప నాకెవరున్నారు?

మండిపోతున్న
మీ వదిన ఆర్డిస్


జనవరి 28

వదినకు,

నీ ఉత్తరం నిలబడే చదివాను. చదువుతుంటే నీ గొంతు వినిపించింది, పక్కింటివాళ్ళకు కూడా వినిపించే ఉంటుంది.

అన్నయ్య చేసింది తప్పే. నేను సెనేటర్ మనిషినైనా ఆ మాట అంటాను. కానీ మోకాలి సంగతి అబద్ధం కాదు వదినా. చిన్నప్పుడు గడ్డివాము మీంచి దూకి పడ్డాడు, అప్పట్నుంచీ చలికాలం వస్తే అంతే. ఫిలిస్ విషయంలో నన్నేం చెప్పమంటావు? నేనిక్కడ నలభై మైళ్ళ దూరంలో ఉన్నాను. నువ్వక్కడ ఉన్నదానివి, నీకే తెలియాలి.

ఇంకో సంగతి. ఇది నీతోనే మొదట చెబుతున్నాను. మార్చిలో శాసనసభకు నామినేషన్ వేస్తున్నాను. మీ ఊళ్ళూ మా టౌనూ అన్నీ కలిపి ఒకే నియోజకవర్గం కాబట్టి నీ ఓటు నాకే, నీ కారు నాకే, నీ నోరు కూడా నాకే కావాలి. పార్టీలో నా మీద పోటీకి ఎవరూ వచ్చేలా లేరు. ఇక్కణ్ణుంచి ఇంతవరకూ ఆడమనిషి ఎవరూ వెళ్ళలేదు. పిల్లలకి అక్షరాలు దిద్దించి దిద్దించి నా చెయ్యి అరిగిపోయింది, ఇక పెద్దవాళ్ళ చేత దిద్దిస్తాను.

అన్నయ్యకి కాస్త మంచి తిండి పెట్టు. నువ్వు పెట్టి ఉండవని నాకు తెలుసు.

ప్రేమతో
లోయిస్


మార్చి 16

లోయిస్,

పేపర్లో నీ ఫొటో చూశాను. ఆ టోపీ ఎవరిచ్చారు? దాన్ని వెంటనే ఎవరికైనా ఇచ్చేయి. నామినేషన్ మాత్రం భేషుగ్గా ఉంది. నా చెల్లెలే నిలబడినంత సంతోషంగా ఉంది.

నా సంగతులు చెప్పమన్నావు. మీ అన్న రెండు నెలలుగా పొద్దున ఓట్స్ జావ, రాత్రి ఓట్స్ జావ తాగుతున్నాడు. గుర్రానికైనా విసుగొస్తుంది, ఈయనకి రాదు. ఒక్క మాట అనడు. తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాడు. నేను కుట్టుమిషను గదిలో పడుకుంటున్నాను.

ఫిలిస్ సంగతి కూడా చూశాను. చర్చిలో చావు భోజనాల వంటిల్లు నా చేతిలో ఉంది కదా. ఇన్నేళ్ళూ బంగాళదుంపల పని ఫిలిస్‌ది. పోయిన నెల బేకరీ ముసలాయన అంత్యక్రియలకి వస్తే, "ఇవాళ వంటింట్లో మనుషులు ఎక్కువయ్యారు, నువ్వెళ్ళి కోట్లు తగిలించు," అన్నాను. ఎర్రబడిన మొహంతో తలుపు దగ్గర నిలబడి ఊరందరి కోట్లూ తగిలించింది. ఆ తర్వాత ఆదివారాలు చర్చికి రావడమే మానేసింది. తప్పు చేసినవాళ్ళకే కదా మొహం చెల్లదు.

ఇక సెనేటర్ సంగతి. రాష్ట్రం తర్వాత రాష్ట్రం గెలుచుకుంటూ పోతున్నాడు. మా గవర్నర్ ఇవాళో రేపో తప్పుకుంటాడంటున్నారు. తప్పుకోనీ! మేము తప్పుకోము. చుట్టుపక్కల ఊళ్ళలో గవర్నర్ వైపున్న ఆడవాళ్ళందరం మా వంటింట్లో కూర్చుని ఒక మాట అనుకున్నాం. నవంబరులో ఆ సెనేటర్‌కి మా చేత్తో ఓటు పడదు. మీట లాగితే పార్టీవాళ్ళందరికీ ఒకేసారి ఓటు పడే ఆ మిషన్లో ఒక్కొక్క పేరు వెతుక్కునే ఓపిక ముసలివాళ్ళకి లేదు. అందుకని అసలు ఇంట్లోంచే కదలమన్నారు వాళ్ళు. నేను మాత్రం నీ కోసం వస్తాను. నీ ఒక్క పేరు దగ్గర నొక్కి, మిగతాదంతా ఖాళీగా వదిలేసి వస్తాను.

నన్ను చూసి నవ్విన హాలుకి నవంబరులో ఏడుపు చూపిస్తాను. రాసి పెట్టుకో.

మీ వదిన
ఆర్డిస్


జూలై 25

వదినా,

అయిపోయింది. మహాసభలో సెనేటర్ పేరు ఖాయం చేశారు, మీ గవర్నర్ స్వయంగా చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. టీవీలో నువ్వు కూడా చూసే ఉంటావు. ఆయనే కలిసిపోయాక నీకెందుకమ్మా ఇంత పంతం?

నేను భయపడి రాస్తున్నాను, నవ్వకు. నా మీద అవతలి పార్టీవాళ్ళు దాణా మిల్లు క్లిఫర్డ్‌ని నిలబెట్టారు. మా టౌనులో సగం మంది ఆయనకి బాకీ, మిగతా సగం ఆయనకి చుట్టాలు. ఇక్కడ నేను వెనకబడ్డాను. మీ పల్లెల్లో ఆడవాళ్ళు వచ్చి ఆ మీట లాగితేనే నేను గట్టెక్కుతాను. వాళ్ళు ఇంట్లో కూర్చుంటే సెనేటర్‌కి పోయేది ఏమీ లేదు, ఆయనకి యాభై రాష్ట్రాలున్నాయి. పోయేది నేను. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకుంటావా? ఆ ఇంట్లో ఉన్నది నేను వదినా.

సెప్టెంబరులో జాతర మైదానం హాల్లో పార్టీ ఐక్యతా విందు పెడుతున్నాను. గవర్నర్ వాళ్ళూ సెనేటర్ వాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. నువ్వు వస్తే మీ ఊళ్ళన్నీ వచ్చినట్టే. నీ ఆపిల్ పైలు కూడా రావాలి. మాట కలపడానికి నోరు తీపి చేయడం కంటే మంచి దారి లేదు.

అన్నయ్యతో మాట్లాడుతున్నావా? ఆయన్ని మరీ తవ్వి తవ్వి అడగకు. అయిపోయిందాన్ని ఎందుకు కెలకడం?

నీ
లోయిస్


ఆగస్టు 19

లోయిస్,

కడుపులో లేనిది కావిలించుకుంటే వస్తుందా? అయినా నువ్వు భయపడ్డానని రాశావు. నువ్వు భయపడటం నేనెప్పుడూ చూడలేదు. అత్తగారు పోయినరోజు కూడా శవపేటిక పక్కన నిటారుగా నిలబడ్డావు. ఆ ఒక్క మాటకి కరిగాను.

ఆడవాళ్ళని మళ్ళీ మా వంటింటికి పిలిచాను. "ఐక్యతట, విందట. పాడిందే పాట," అని గొణిగారు. "సెనేటర్ మొహం చూడొద్దు, లోయిస్ మొహం చూడండి. మన పాల సంగతి శాసనసభలో ఎత్తేది అదొక్కతే," అన్నాను. విందుకి వస్తామన్నారు. మీట సంగతి మాత్రం విందు తర్వాత చూద్దాం అన్నారు. నేను కూడా అదే అంటున్నాను.

మీ అన్న ఓట్స్ నుంచి విముక్తుడయ్యాడు. వేడికి తట్టుకోలేక నేనే జావ మానేశాను, ఆయన మీద జాలితో కాదు. మొన్న దొడ్లో కంచె బాగుచేస్తూ, "ఆర్డిస్, ఆ రాత్రి సంగతి..." అని నోరు తెరిచాడు. నేను సుత్తి పక్కన పెట్టి చూశాను. మళ్ళీ మూసేశాడు. ఆ నోట్లో ఏదో ఉంది లోయిస్. ఫిలిస్ పేరే అయ్యుంటుంది. ఆవిడ విందుకి వస్తే నేను రాను, ముందే చెబుతున్నాను. ఆవిణ్ణి పిలవకు.

పైలు ఎన్ని కావాలో రాయి. డబ్బు మాట ఎత్తావంటే ఒక్కటి కూడా చేయను.

మీ వదిన


సెప్టెంబర్ 20

వదినా,

ఏం రాయను? మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఫోన్ చేస్తే నువ్వెత్తడం లేదు, ఎవరో దగ్గుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

సెనేటర్ ప్రచారం నడిపే ఆ మనిషి మైకు ముందు అలా వాగుతాడని నేను కలలో కూడా అనుకోలేదు. "ఈ ప్రాంతంలో మేం గెలిచింది ఉపన్యాసాలతో కాదు, లోయిస్ గారి అన్నయ్య కాళ్ళతో! చెల్లెలు ఒక్క మాట అంటే ఆయన నడిచి వచ్చి గవర్నర్ మూలని ఖాళీ చేయించాడు!" అంటుంటే నాకు భూమి బద్దలైతే బాగుండనిపించింది. అందరూ నవ్వుతున్నారు. నువ్వు బల్ల దగ్గర ఆపిల్ పై కోస్తున్నావు. కత్తి కింద పెట్టావు, ఏప్రన్ విప్పి మడత పెట్టావు, నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయావు. తిట్టి ఉంటే బాగుండేది.

నిజమే వదినా. దాచను. డిసెంబరులో సెనేటర్ వాళ్ళు నాతో అన్నారు, ఈ చుట్టుపక్కల గవర్నర్ మూల ఒక్కటి కూడా నిలవకుండా చూస్తే శాసనసభకి నా పేరే ముందుకు తెస్తామని. మిగతాచోట్ల గవర్నర్ మూల నిలిచేంత మంది లేరు. మీ ఊళ్ళో మాత్రం నువ్వున్నావు. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు పాలు పితికే వేళ కొట్టంలోకి వెళ్ళి అన్నయ్యని అడిగాను. "పెళ్ళి పెటాకులు లేకుండా అమ్మని కడదాకా చూసింది నేను. పొలం తీసుకున్నది నువ్వు. ఎప్పుడైనా ఏమైనా అడిగానా? ఇప్పుడు ఒక్కటి అడుగుతున్నాను," అన్నాను. ఆయన వద్దన్నాడు. నేను ఏడ్చాను. అప్పుడు సరేనన్నాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను.

ఇది రాజకీయం వదినా, నీ మీద కోపం కాదు. ఒక్క మూల కదా అనుకున్నాను. నీకంత దెబ్బ తగులుతుందనుకోలేదు. నన్ను మన్నించు. దీన్ని నవంబరుతో ముడిపెట్టకు.

లోయిస్


సెప్టెంబర్ 27

లోయిస్,

నువ్వు రాసిందంతా చదివాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నన్ను నేను మరీ తక్కువ అంచనా వేసుకోనక్కర్లేదన్నమాట.

మీ అమ్మని నువ్వు చూశావు, కాదనను. ప్రతి శనివారం నలభై మైళ్ళు వచ్చి ఆవిడకి తల రుద్ది, జుట్టు ఆరబెట్టి, జడ వేసి వెళ్ళింది ఎవరు? నీ లెక్కలో ఆ శనివారాలు ఎక్కడా కనిపించలేదు. పోనీ, కావలసింది నన్నే అడగకపోయావా? "వదినా, నాకు ఈ సీటు కావాలి, నీ మూల వదులుకో," అని నా మొహం మీద అడిగితే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. తిట్టేదాన్ని. తిట్టి, బహుశా వదులుకునేదాన్ని. నువ్వు అడగలేదు. నా మొగుణ్ణి అడిగావు.

ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. ఏడ్చాడు లోయిస్. మా కొడుకు పోయినప్పుడు చూశాను ఆ ఏడుపు, మళ్ళీ ఇప్పుడే. "నీకైతే రోజూ క్షమాపణ చెప్పుకోవచ్చు. దాని రుణం తీర్చుకోవడానికి నాకు ఒక్కసారే వీలు దొరికింది," అన్నాడు. మళ్ళీ నా గదిలోకి, అంటే మా గదిలోకి, వచ్చేశాను. ఆ ముసలాడి మీద నాకిక కోపం లేదు.

ఇప్పుడు అసలు సంగతి విను. మందుల షాపు మెట్లెక్కి ఫిలిస్ తలుపు కొట్టాను. తెరిచి, అక్కడే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"నిన్ను కోట్ల దగ్గర నిలబెట్టింది బంగాళదుంపల కోసం కాదు ఫిలిస్," అన్నాను.

"తెలుసు. దేనికో మాత్రం ఇవాళ్టిదాకా తెలియదు," అంది.

చెప్పాను. మొత్తం చెప్పాను. తలుపు పట్టుకుని ఊరికే వింటోంది. చివరికి ఒక్కటే అడిగింది. "నువ్వు నన్ను అనుమానిస్తున్నావని లోయిస్‌కి తెలుసా?"

"తెలుసు. ఉత్తరం తర్వాత ఉత్తరంలో నేనే రాశాను."

"మరి ఏమంది?"

"'నువ్వక్కడ ఉన్నదానివి, నీకే తెలియాలి' అంది."

ఫిలిస్ మొహం చూడవలసింది నువ్వు. మొగుడు పోయిన మనిషి, ఊళ్ళో ఉన్న ఒక్క చర్చికీ మొహం చాటేసుకుని ఏడు నెలలు ఆ గదుల్లో కూర్చుంది. నేను చేయించాను ఆ పని, అత్త మీద కోపం దుత్త మీద చూపించి. నా తప్పు నేను మోస్తాను. కానీ నీకు నిజం తెలుసు. ఒక్క ముక్క రాస్తే ఆగిపోయేది. రాయలేదు. మూల ఖాళీ చేయించడాన్ని రాజకీయం అన్నావు, సరే. ఇదేమిటో నువ్వే పేరు పెట్టు. నేనైతే తడిగుడ్డతో గొంతు కోయడం అంటాను.

నవంబరు గురించి అడక్కు. ఏం చేస్తానో నీకు చెప్పను.

ఆర్డిస్


అక్టోబర్ 22

వదినా,

జవాబు లేదు. నేను రాసినవి నీకు అందుతున్నాయా?

ఫిలిస్‌కి నేను విడిగా క్షమాపణ రాశాను. కవరు విప్పకుండానే తిరిగొచ్చింది. క్లిఫర్డ్ మనుషులు మీ వైపు తిరుగుతూ, "ఆర్డిస్ ఆడవాళ్ళు ఈసారి మావైపే," అని చెప్పుకుంటున్నారట. అది నిజమా? క్లిఫర్డ్‌ని నీ వంటింటికి పిలిచావట, కాఫీ పోశావట.

నీకు నా మీద ఎంత కోపమైనా ఉండనీ. పార్టీ ఏం చేసింది? నీ అత్తగారి పొలం కరువులో తాకట్టు నుంచి విడిపించింది మన పార్టీ చట్టమే అని నువ్వే చెబుతావు కదా. ఆ పార్టీ కుర్చీలో దాణా మిల్లువాణ్ణి కూర్చోబెడతావా, నన్ను ఏడిపించడానికి? తెగేదాకా లాగకు వదినా. ఒక్క పోస్టుకార్డు రాయి. అవునో కాదో. నాకు తిండి సయించడం లేదు.

లోయిస్


నవంబర్ 4

నా బంగారు వదినా!

గెలిచాను! నువ్వు గెలిపించావు! టౌనులో ఓడిపోయాను, మీ పల్లెల లెక్కలు వచ్చేసరికి క్లిఫర్డ్ మొహం వాడిపోయింది. సెనేటర్‌కి కూడా మీ ఊళ్ళలో మా టౌనుకంటే ఎక్కువ పడ్డాయి, నమ్మగలవా? మంగళవారం పొద్దున్నుంచీ నువ్వూ ఫిలిస్సూ ఒకే కారులో ముసలమ్మల్ని ఎక్కించుకుని తిరిగారట, వానలో గొడుగు పట్టి మరీ దింపారట. విని ఏడ్చేశాను. ఎంతైనా మనం ఒక ఇంటివాళ్ళం. రక్తం నీళ్ళకంటే చిక్కన అని ఊరికే అనలేదు.

నన్ను క్షమించావని ఇప్పుడు నాకు తెలిసింది. జనవరిలో మన రాష్ట్ర రాజధాని డి మోయిన్‌లో ప్రమాణ స్వీకారం. మొదటి వరసలో నీకూ అన్నయ్యకూ రెండు సీట్లు చెప్పి ఉంచాను. థాంక్స్‌గివింగ్ పండగ విందుకి ఎప్పటిలాగే మీ ఇంటికే వస్తాను. టర్కీ కోడి నేను తెస్తాను.

నీ లోయిస్


నవంబర్ 12

గౌరవనీయులైన శాసనసభ్యురాలు లోయిస్ గారికి,

మీ విజయానికి మా ఊరి తరఫున అభినందనలు. థాంక్స్‌గివింగ్‌కి మా ఇంటికి రావద్దు. ఆ రోజు ఫిలిస్ వస్తోంది. బంగాళదుంపలు ఆవిడే చేస్తుంది. మీ టర్కీ మీరే తినండి.

మీరు నన్ను అపార్థం చేసుకున్నారు. నేను మిమ్మల్ని క్షమించలేదు.

క్లిఫర్డ్‌కి కాఫీ పోసిన మాట నిజమే. పాల ధర గురించి ఏం చేస్తావయ్యా అని అడిగాను. ఆయన చెప్పింది వింటే మా ఆవులు కూడా నవ్వుతాయి. నేను చెప్పింది ఒక్క ముక్క రాసుకోలేదు. అలాంటివాడు ఒకసారి ఆ కుర్చీ ఎక్కితే మళ్ళీ దింపడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. అన్నీ అవతలివాళ్ళ చేతిలో ఉంటాయి, నేను ఏట్లో దూకినా వాళ్ళకి పట్టదు.

ఆడవాళ్ళతో అదే చెప్పాను. "సెనేటర్‌ని చూసి వేయకండి, లోయిస్‌ని అసలే చూడకండి. మీట మన పార్టీది, లాగండి," అన్నాను. "నువ్వు లాగుతావా ఆర్డిస్?" అని అడిగారు. లాగాను. తెర వెనక ఎవరూ చూడరు కదా, మీ పేరు కనిపించి చెయ్యి ఆగింది. నన్ను చూసి నవ్విన ఆ హాలు, ఆ కాఫీ, మంచులో నడిచి వచ్చిన మీ అన్న, అన్నీ గుర్తొచ్చాయి. పళ్ళు బిగించి లాగాను. బయటికి వచ్చి కారులో కూర్చుని, ఫిలిస్ చూస్తుండగానే ఏడ్చాను. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు లోయిస్. నువ్వున్నావు కదా అని ఆ లోటు నాకెప్పుడూ తెలియలేదు. నా దగ్గర నువ్వు తీసుకున్నది అది. మూల కాదు.

ఇక పని మాట. నవంబరులో ఇంటివాళ్ళని ఓడించకూడదు, పరాయివాడు వచ్చి కూర్చుంటాడు. ఇంటివాళ్ళని ఓడించుకోవడానికి జూన్ నెల ఉంది. శాసనసభ్యుల గడువు రెండేళ్ళే. రెండేళ్ళ తర్వాత జూన్‌లో మన పార్టీలో మనవాళ్ళే ఒకరి మీద ఒకరు నిలబడి తేల్చుకుంటారు. ఈ ఏడాది మార్చిలో మీ మీద పోటీకి ఎవరూ రాలేదు. అప్పటికి నాకు నిజం తెలియదు. ఈసారి నేను వస్తున్నాను. కోర్టుహౌసుకి వెళ్ళి కాగితాలు అడిగితే, "అమ్మా, మొన్ననేగా ఎన్నికలయ్యాయి, ఇంకా అచ్చు కూడా వేయలేదు," అంది అక్కడి పిల్ల. వేశాక మొదటిది నాకు ఉంచమని పేరు రాయించి వచ్చాను.

మిమ్మల్ని గెలిపించిన ప్రతి ఇంటి తలుపూ నాకు తెలుసు. వాళ్ళు నా కారులో వచ్చి మీకు వేశారు, నా కారులోనే వచ్చి నాకు వేస్తారు. ప్రచారం నడిపేది ఫిలిస్. గదిలో గోడకి మ్యాపు అంటించేసింది కూడా. మీరు ఊరూరా తిరిగి ఐక్యత, ఐక్యత అని ఉపన్యాసాలిచ్చారు కదా. ఫలించింది. గవర్నర్ వాళ్ళు, సెనేటర్ వాళ్ళు ఇప్పుడు మా వంటింట్లో ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నారు. మీ పేరెత్తితే చాలు, అందరిదీ ఒకే మాట.

ముందుగా ఎందుకు చెబుతున్నానంటారా? నేను మొహం మీద చెప్పి చేస్తాను. ఆ తేడా మీకు తెలియాలి.

మీ అన్నకి కూడా నిన్న సాయంత్రం పాలు పితుకుతుంటే చెప్పాను, మీ చెల్లెలి మీద నిలబడుతున్నానని. ఆవు పొదుగు కడగడం ముగించి గుడ్డ పిండాడు. తర్వాత, "దాని రుణం జనవరిలోనే తీరిపోయింది," అన్నాడు.

మీ నియోజకవర్గపు ఓటరు
ఆర్డిస్